‘ఎల్ కొయోటే’ జొర్రోకు నకలా? స్పెయిన్ ముసుగు వీరుడి వెస్టర్న్ గురించి అడిగినవారికి

మీరు అడిగినవి నాలుగు. 1955 నాటి స్పానిష్ నలుపు తెలుపు సినిమా ‘ఎల్ కొయోటే’ యూరప్‌లో తీసిన మొదటి వెస్టర్నేనా? అందులోని ముసుగు వీరుడు కొయోటే, అమెరికన్ కథల్లోని ముసుగు కత్తివీరుడు జొర్రోకు నకలా? రాత్రి జరగాల్సిన దృశ్యాలు మీ కాపీలో పట్టపగల్లా ఎందుకున్నాయి? నిడివి ఒక్కోచోట ఒక్కోలా చూపిస్తున్నారు, పేర్లు కూడా కలగాపులగంగా ఉన్నాయి, ఏది నమ్మాలి? వరసగా చెప్తాను. రెండోదీ మూడోదీ కాస్త వివరంగా చెప్పాల్సినవి.

మొదటిది కాదండీ. యూరప్‌లో కౌబాయ్ సినిమాలు మూకీల రోజుల నుంచే ఉన్నాయి. ఫ్రాన్స్‌లో జో అమ్మాన్ అనే నటుడు మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే, దక్షిణాదిన కమార్గ్ చిత్తడి నేలల్లో, అక్కడి పశువుల కాపర్లనీ తెల్ల గుర్రాలనీ పెట్టుకుని వెస్టర్న్‌లు చేశాడు. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనే తండ్రి విన్‌చెంజో లియోనే, రొబెర్తో రొబెర్తి అన్న పేరుతో ఇటలీలో 1913లోనే అమెరికన్ ఇండియన్ల కథతో ‘లా వాంపీరా ఇండియానా’ తీశాడు. జర్మనీలో లూయిస్ ట్రెంకర్ 1936లో కాలిఫోర్నియా బంగారం కథ తీశాడు. ఇవన్నీ విడివిడిగా వచ్చి ఆగిపోయాయి. ఒకదాని నుంచి ఇంకొకటి పుట్టలేదు.

‘ఎల్ కొయోటే’ని ప్రత్యేకంగా చూడాల్సిన కారణం ఇక్కడే ఉంది. 1955లో ఈ సినిమా, 1956లో అదే నటులతో దీని రెండో భాగం ‘లా హుస్తీసియా దెల్ కొయోటే’, 1962లో అదే దర్శకుడి జొర్రో సినిమాలు, వాటి కోసం కట్టిన చెక్క ఊరు, 1964లో ఆ ఊళ్లోనే లియోనే తీసిన ‘పేర్ ఉన్ పూన్యో ది దొల్లారి’ (ఇంగ్లీషులో ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’). ఈ గొలుసు ఎక్కడా తెగలేదు. స్పెయిన్‌లో కెమెరా పట్టినవాళ్లూ, గుర్రాలు తోలినవాళ్లూ, సెట్లు వేసినవాళ్లూ వెస్టర్న్ పని నేర్చుకున్నది ఈ ముసుగు సినిమాల మీదే. స్పగెట్టి వెస్టర్న్, అంటే ఇటలీ వాళ్లు తీసిన కౌబాయ్ సినిమా, 1964లో ఆకాశం నుంచి ఊడిపడిందని రాసే వ్యాసాలు ఈ తొమ్మిదేళ్లనీ వదిలేస్తాయి. అది పెద్ద పొరపాటు.

దర్శకుడి పేరు హోవాకీన్ లూయిస్ రొమేరో మార్చెంట్. 1921లో మాద్రిద్‌లో పుట్టాడు. కొన్ని జాబితాల్లో ‘ఎల్ కొయోటే’కు మెక్సికో దర్శకుడు ఫెర్నాందో సోలెర్ పేరు కూడా పక్కన కనిపిస్తుంది. అది చూసి వేరే సినిమా అనుకోకండి, ఒకటే. సినిమా స్పెయిన్, మెక్సికోల ఉమ్మడి నిర్మాణం. హీరో ఆబెల్ సలసార్, హీరోయిన్ గ్లోరియా మరీన్, ఇద్దరూ మెక్సికో తారలే.

ఇక నకలు సంగతి.

జొర్రోను పుట్టించింది అమెరికన్ రచయిత జాన్‌స్టన్ మెకల్లీ. 1919లో ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది, మరుసటి ఏడాదే డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ సినిమాగా తీశాడు. పగలు చేతగాని షోకిలా, రాత్రి ముసుగేసుకుని పేదల పక్షాన నిలిచే కత్తివీరుడు అన్న మూస అక్కడ స్థిరపడింది. కొయోటే ఆ మూసలోనే పుట్టాడు, ఇందులో దాచాల్సిందేమీ లేదు. కానీ కొయోటేను జొర్రో సినిమాల నుంచి ఎత్తుకు రాలేదు. బార్సిలోనాలో పుట్టిన హోసే మయోర్కీ అనే రచయిత 1943లో రాసిన చవక నవలతో ఈ పాత్ర మొదలైంది. మరుసటి ఏడాది నుంచి సొంత సిరీస్‌గా పదేళ్ల పాటు, నూట తొంభై దాకా పుస్తకాలు వచ్చాయి. కిళ్లీకొట్టు దగ్గర కొనుక్కుని రైల్లో చదివి ఇంకొకరికిచ్చే రకం పుస్తకాలు. సినిమా వచ్చేనాటికి స్పెయిన్‌లో చదవగలిగిన పిల్లవాడికల్లా ఈ పేరు తెలుసు. తీసినవాళ్లు నమ్ముకున్నది ఆ పాఠకులను, జొర్రోను కాదు.

తేడా ఎక్కడుందో తెలియాలంటే రెండు తేదీలు దగ్గర పెట్టుకోవాలి. 1848 ఫిబ్రవరి 2న గ్వాదలూపె ఇదాల్గో ఒప్పందంతో కాలిఫోర్నియా మెక్సికో చేతి నుంచి అమెరికాకు పోయింది. 1851లో అమెరికా కాంగ్రెస్ చేసిన భూమి చట్టం, స్పానిష్, మెక్సికన్ కాలాల్లో దానంగా వచ్చిన భూములున్న పాత కుటుంబాలన్నీ తమ హక్కును కమిషన్ ముందు రుజువు చేసుకోవాలంది. సరిహద్దు రాళ్లకు బదులు వాగులూ ఓక్ చెట్లూ గుర్తుగా రాసిన పాత పత్రాలు, స్పానిష్‌లో ఉన్నవి, ఇంగ్లీషు కోర్టుల్లో నిలబెట్టాలి. కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. లాయర్ల ఖర్చులకే సగం భూమి పోయిన కుటుంబాలున్నాయి. కేసు తేలేలోపు బంగారం కోసం వచ్చినవాళ్లు ఆ భూముల్లో గుడిసెలు వేసుకు కూర్చున్నారు.

జొర్రో మూలకథ ఈ తేదీలకు ముందుది. అతని శత్రువు స్పానిష్ గవర్నరు, అతని సైనికాధికారులు. అంటే సొంత ప్రభుత్వమే. కొయోటే ఈ తేదీల తరవాత వాడు. లాస్ ఏంజలెస్ దగ్గర పాత జమీందారీ కుటుంబం కుర్రాడు సేసర్ దె ఎచాగ్వే, శత్రువులు కొత్తగా వచ్చి భూములు లాక్కునే అమెరికన్లు, వాళ్లకు కొమ్ముకాసే అధికారులు. జొర్రోది దుర్మార్గపు పాలకుడి మీద తిరుగుబాటు. కొయోటేది ఓడిపోయిన జాతి పరువు నిలబెట్టుకునే పని. అందుకే మయోర్కీ నవలల్లో అమెరికన్లందరూ చెడ్డవాళ్లు కారు. సేసర్ సొంత చెల్లెలు పెళ్లి చేసుకున్నది ఎడ్మండ్స్ గ్రీన్ అనే అమెరికా ప్రభుత్వ మనిషినే, అతను మంచివాడు. ఓడినవాళ్లు కొత్త దొరల మధ్య ఎలా బతకాలన్న చిక్కు ఆ నవలల్లో ఎప్పుడూ ఉంటుంది. జొర్రోలో అది లేదు.

నియంత ఫ్రాంకో పాలనలోని స్పెయిన్‌కు ఈ ఏర్పాటు బాగా సరిపోయిందని నా అభిప్రాయం. ముసుగేసుకుని అధికారులను కొట్టే హీరోను స్పెయిన్ నేల మీద, స్పానిష్ యూనిఫాం ఎదురుగా నిలబెడితే సెన్సారు దాటడం కష్టం. అదే కాలిఫోర్నియాలో, పరాయి జెండా కింద, స్పానిష్ మర్యాదను కాపాడేవాడిగా చూపిస్తే అడ్డు లేదు. పైగా నిర్మాతకు ఇంకో లాభం. టెక్సాస్ కథ తీస్తే స్పానిష్ నటులు జాన్‌లూ బిల్లులూ అయినట్టు నటించాలి. కాలిఫోర్నియా కథలో పాత్రలే స్పానిష్ వాళ్లు, ఇళ్లు సున్నం కొట్టిన మట్టిగోడల అసియెందాలు, అంటే జమీందారీ భవంతులు, గుడి కాథలిక్ గుడి, పాటకు గిటారు. స్పెయిన్ ఊళ్లలో దొరికేవే. నటించాల్సింది తక్కువ, కొనాల్సింది ఇంకా తక్కువ.

ఆయుధంలో కూడా తేడా చూడండి. జొర్రో గుర్తు కత్తితో గీసే అక్షరం. కొయోటే తుపాకీ మనిషి. నవలల్లో అతని గుర్తు, శత్రువు చెవి తమ్మెను తూటాతో తీసేయడం. చంపడు, కానీ ఆ మనిషి ఇక ఏ ఊరు వెళ్లినా ఆ చెవి చూసి కొయోటే చేతికి చిక్కినవాడని తెలిసిపోతుంది. దుస్తులు కూడా జొర్రో నల్ల అంగీ కాదు. మెక్సికన్ చార్రో వేషం, అంటే నడుము దాకా వచ్చే పొట్టి జాకెట్టు, వెండి పోత, వెడల్పు సొంబ్రేరో టోపీ, కళ్ల చుట్టూ నల్ల ముసుగు, నడుముకు రెండు పిస్తోళ్లు. కత్తిసాము సినిమా నుంచి తుపాకీ సినిమాకు యూరప్ దాటిన వంతెన ఈ వేషమే.

తుపాకుల గురించి ఒక మాట, ఎందుకంటే ఇది చాలామంది పట్టించుకోరు. కథాకాలం 1850ల ప్రాంతం. అప్పటి రివాల్వర్లు సిలిండరు ముందు వైపు నుంచి మందూ గుండూ కూరి, వెనక రాగి టోపీ పెట్టి పేల్చేవి. 1851 నాటి కోల్ట్ నేవీ అలాంటిది. ఆరు గుండ్లు నింపడానికి నిమిషాలు పట్టేవి. సినిమాల్లో మామూలుగా కనిపించే కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ 1873లో వచ్చింది. నడుము పట్టీకి వరసగా తూటాలు గుచ్చి ఉన్నాయంటే అది కూడా ఆ తరవాతి కాలం సరుకే. అప్పటి ముసుగు వెస్టర్న్‌లు చాలా ఈ తప్పు చేశాయి, అమెరికన్లవి కూడా. కారణం మామూలుదే: సినిమా ఆయుధాల గోదాముల్లో ఉండేవి అవే, ఖాళీ తూటాలు వాటికే దొరికేవి. పాత రకం తుపాకీలో టేక్ టేక్‌కీ మందు కూరాలంటే రోజుకు సగం షాట్లు పోతాయి.

ముసుగు వల్ల సినిమా పనిలో ఏం మారుతుందో చెప్తాను. మీరు మళ్లీ చూసేటప్పుడు ఇవి పట్టుకుంటే సినిమా ఇంకో రకంగా కనిపిస్తుంది. ఇలాంటి కథ రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి హాల్లో, భోజనాల బల్ల దగ్గర, సేసర్ బద్ధకంగా ఆవలిస్తూ అందరిచేతా పిరికివాడనిపించుకునే భాగం. రెండోది బయట, గుర్రాల మీద. మొదటి భాగానికి హాస్యం తెలిసిన నటుడు కావాలి. ఆబెల్ సలసార్‌ను ఎంచుకోవడంలో తెలివి అదే. 1947లో పెద్ద హిట్టయిన ‘లోస్ త్రేస్ గార్సియా’లో మెక్సికో తార పేద్రో ఇన్ఫాంతే పక్కన సరదా పాత్ర చేసినవాడు. మాటలతో నెట్టుకురాగలడు. రెండో భాగంలో ఇలాంటి సినిమాల్లో ముసుగు కింద ఎవరున్నా పరవాలేదు. గుర్రం మీంచి దూకడం, గోడ ఎక్కడం, పరుగు మీద స్వారీ డూపు చేసేస్తాడు, ఆ సమయంలో హీరోతో ఇంటి సన్నివేశం ఇంకోచోట తీసుకోవచ్చు. తక్కువ డబ్బుతో తీసేవాడికి ముసుగు హీరో వరం.

డూపును పట్టుకోవాలంటే ముసుగు వైపు చూడకండి, దవడ, చెవులు, చేతులు చూడండి. గుర్రం ఎక్కే తీరు అన్నింటికంటే బాగా పట్టిస్తుంది. నటుడు ముందు జీను పట్టుకుని, రికాబులో కాలు సర్దుకుని, ఒక ఊపు తీసుకుంటాడు. డూపుకు ఆ ఊపు ఉండదు. హీరో ముఖం తిప్పే క్షణానికి షాట్ తెగిందంటే తరవాతి షాట్‌లో మనిషి మారే అవకాశం ఎక్కువ. గుర్రాలు కూడా మారతాయి: నుదుటి తెల్లమచ్చ ఆకారం, కాళ్లకు తెలుపు ఎన్ని కాళ్లకు ఎంత ఎత్తు దాకా ఉందో ఒక షాట్‌లో ఆపి చూసుకోండి. ఇంకొకటి, పిస్తోలు ఉన్నట్టుండి అటు నడుము నుంచి ఇటు నడుముకు మారి, జాకెట్టు బొత్తాలు కూడా ఎదురు వైపుకు వెళ్తే అది వేరే రోజు తీసిన షాట్ కాదు. గుర్రం కుడి నుంచి ఎడమకు పరుగెత్తాల్సిన చోట ఎడమ నుంచి కుడికి తీసిన షాట్‌ను ఎడిటింగ్‌లో తిరగేసి వాడారన్నమాట.

గుర్రాల జాతే మీకు చోటు చెప్పేస్తుంది. వంపు తిరిగిన లావాటి మెడ, పొడవాటి జూలు, కాలు ఎత్తి వేసే నడక కనిపిస్తే అవి ఆందలూసియా గుర్రాలు. హాలీవుడ్ వెస్టర్న్‌లలోని పొట్టి మెడ, గట్టి పిరుదుల క్వార్టర్ హార్స్‌లు వేరే. నేల కూడా చూడండి. స్పెయిన్‌లో తీసిన ఏ పాత వెస్టర్న్ అయినా, గుండ్రటి బూడిదరంగు గ్రానైట్ బండలు, మధ్యలో ముదురాకుపచ్చ ఓక్ పొదలు ఉంటే అది మాద్రిద్‌కు ఉత్తరాన గ్వాదర్రామా కొండల పాదం: మన్సనారెస్ ఎల్ రెయల్, కొల్మెనార్ వియెహో, ఓయో దె మన్సనారెస్ ఊళ్ల చుట్టుపక్కల. చెట్టూ చేమా లేకుండా వానకు కోసుకుపోయిన పసుపుపచ్చ వాగుగట్లుంటే అది ఆల్మెరియా దగ్గర తబెర్నాస్. ముసుగు వీరులకు మొదటిదే బాగా కుదిరింది. కాలిఫోర్నియా తీరం కొండలు కూడా ఓక్ చెట్ల కొండలే, ఎడారి కాదు. ఈ విషయంలో ఆ కొండలు హాలీవుడ్ వాళ్ల అరిజోనా ఇసుక కంటే నిజానికి దగ్గర.

మీ మూడో ప్రశ్న, పగల్లా కనిపించే రాత్రి. మీ కాపీలో లోపం ఉంది, సినిమాలో కాదు. ముసుగు వీరుడంటే రాత్రి స్వారీ. 1950లలో కొండ మీద అర్ధరాత్రి తీయాలంటే జనరేటర్లూ పెద్ద ఆర్క్ లైట్లూ అక్కడికి మోయాలి. ఆ డబ్బు లేనివాళ్లు ఎండలోనే తీసి రాత్రిలా కనిపించేలా చేసేవారు. నలుపు తెలుపు ఫిల్ములో దాని పద్ధతి ఇది. లెన్సు ముందు ఎర్ర ఫిల్టరు పెడితే నీలం లోపలికి రాదు, ఆకాశం నల్లబడుతుంది. అయితే ఎర్రదనం ఉన్న ముఖాలూ పెదవులూ సున్నం పూసినట్టు తేలిపోతాయి. అందుకని ముఖాలు దగ్గరగా ఉండే షాట్లకు లేత ఎర్ర 23ఏ ఫిల్టరుకు ఆకుపచ్చ 56 జత చేసేవారు, ముఖం రంగు నిలబడుతుంది. దీనిమీద ఎక్స్‌పోజరు, అంటే ఫిల్ముకు తగిలే వెలుగు, రెండు స్టాపుల దాకా తగ్గిస్తారు (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది). సూర్యుణ్ణి మనుషుల వెనక ఉంచుతారు, అప్పుడు అంచులకే వెలుగు తగిలి వెన్నెల అనిపిస్తుంది. ఆకాశం ఫ్రేములోకి వీలైనంత తక్కువ రానిస్తారు. తెల్ల చొక్కాలు వద్దు. కిటికీలో దీపం కనిపించాలంటే దాన్ని మామూలుకంటే చాలా ఎక్కువ వెలిగించాలి, లేకపోతే ఎండ ముందు అది చచ్చిపోతుంది. చార్రో వేషం ఇక్కడ అక్కరకొస్తుంది: నల్ల బట్ట మొత్తం చీకట్లో కలిసిపోయినా వెనక వెలుగుకు వెండి బొత్తాలు మెరిసి మనిషి ఆకారం చూపిస్తాయి.

ఇందులో చివరి మెట్టు లాబ్‌లో. నెగెటివ్ మీద పడిన బొమ్మను ప్రింటు కొట్టేటప్పుడు ఆ షాట్లను ఇంకాస్త ముదురుగా కొడతారు. ఏ షాట్ ఎంత ముదురన్నది ఆ సినిమాకు రాసుకున్న ప్రింటింగ్ లైట్ల పట్టీలో ఉంటుంది. దశాబ్దాల తరవాత టీవీ కోసమో డీవీడీ కోసమో నెగెటివ్ నుంచి బొమ్మ ఎక్కించేవాళ్లకు ఆ పట్టీ దొరకదు, లేదా దొరికినా పట్టించుకోరు. మసకగా ఉంది కదా అని వెలుగు పెంచేస్తారు. దాంతో ముసుగు వీరుడు పట్టపగలు నడివీధిలో కావలివాళ్ల పక్క నుంచి నడిచి వెళ్తాడు, వాళ్లకు కనపడడు. చూసేవాళ్లు సినిమా తెలివితక్కువది అనుకుంటారు. పాపం కెమెరామన్ చేసిందంతా అక్కడ పోయింది.

ఇంట్లో కొంతవరకు సరిచేసుకోవచ్చు. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయరులో ఎఫెక్ట్స్, ఫిల్టర్స్ తెరిచి వీడియో ఎఫెక్ట్స్‌లో ఇమేజ్ అడ్జస్ట్ మీద టిక్ పెట్టండి. గామా 1.00 నుంచి 0.65 దగ్గరకు దించండి. బ్రైట్‌నెస్ కొంచెమే తగ్గించండి, అది ఎక్కువ తగ్గిస్తే నలుపులన్నీ ముద్దయిపోతాయి, గామా అలా చెయ్యదు. నేల మీద నీడలు చూసుకోండి: పొట్టిగా, గట్టి అంచులతో ఉంటే అది ఎండలో తీసిన రాత్రే. ఆకాశం పూర్తిగా తెల్లకాగితంలా అయిపోయి ఉంటే మాత్రం ఏం చేసినా రాదు, ఎక్కించేటప్పుడే ఆ వివరం పోయింది. ఆ దృశ్యం అయ్యాక టిక్ తీసేయండి, లేకపోతే ఇంటి లోపలి సన్నివేశాలు చీకటైపోతాయి.

ఆ ఎఫెక్ట్స్ దగ్గర ఉండగానే బొమ్మ ఆకారం కూడా చూసుకోండి. ఆ కాలపు స్పెయిన్ నలుపు తెలుపు చిత్రాలు మామూలుగా 1.37:1 నిష్పత్తిలో తీసినవి, పాత టీవీ చతురస్రానికి దగ్గర. నెట్‌లో తిరిగే కాపీలను వెడల్పు తెరకు సాగదీసి పెడుతున్నారు. బండిచక్రం ఎదురుగా కనిపించే ఫ్రేము దగ్గర ఆపండి. కోడిగుడ్డులా ఉంటే వీఎల్‌సీలో యాస్పెక్ట్ రేషియో 4:3 పెట్టండి.

నిడివి గొడవకు ముప్పాతిక భాగం కారణం ఒకటే. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, యూరప్ టీవీ సెకనుకు 25. యూరప్ డీవీడీలకూ టీవీకీ ఎక్కించేటప్పుడు 24ను 25గా పరుగెత్తిస్తారు. 90 నిమిషాల సినిమా 86 నిమిషాల 24 సెకన్లకు తగ్గిపోతుంది. ఒక్క ఫ్రేము కూడా పోలేదు, వేగం పెరిగిందంతే. కాబట్టి ‘నాలుగు నిమిషాలు కత్తిరించారు’ అన్న సమీక్ష చూస్తే, వాళ్లు చెప్పిన నిడివిని 25తో గుణించి 24తో భాగించండి. పూర్తి నిడివి వస్తే కోత లేదు. రాకపోతే నిజంగా కోసినట్టు. కోసినచోట సంగీతం తుళ్లిపడుతుంది, బొమ్మ కంటే ముందు చెవికే తెలుస్తుంది. వేగం పెరిగిన కాపీలో గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. దాన్ని మామూలు వేగంలో చూడాలంటే వీఎల్‌సీ కింద 1.00 అని ఉన్నచోట నొక్కి 0.96కు దించండి. అంతటితో వేగమే తగ్గుతుంది, గొంతు సన్నగానే ఉంటుంది, ఎందుకంటే ఆ ప్లేయరు స్వరాన్ని మార్చకుండా సాగదీస్తుంది. ఆడియో సెట్టింగుల్లో టైమ్ స్ట్రెచింగ్ అన్నది తీసేసి ప్లేయరు మళ్లీ తెరిస్తే గొంతు కూడా అసలుకు దిగుతుంది.

కత్తి ఝళిపించినప్పుడు రెండు మూడు కత్తులు నీడల్లా కనిపిస్తే అది ఇంకో జబ్బు. అమెరికా వీడియో పద్ధతి నుంచి యూరప్ పద్ధతికి మార్చినప్పుడు పక్కపక్క ఫ్రేములు కలిసిపోయి అలా అవుతుంది. ప్లేయరులో గీతల చారలు తీసేసే డీఇంటర్లేస్ పెట్టినా పోదు. అలాంటి కాపీ వదిలేసి వేరేది చూసుకోవడమే.

గొంతుల సంగతికొస్తే, ‘అసలు గొంతు’ కోసం మరీ వెతక్కండి. స్పెయిన్, ఇటలీ సినిమాల్లో అప్పట్లో షూటింగ్ అయ్యాక స్టూడియోలో మళ్లీ చెప్పించడం రివాజు, స్పానిష్‌లో కూడా. మెక్సికో వాళ్ల ఉచ్చారణ ఉందో, మాద్రిద్ వాళ్లు చెప్పిన డబ్బింగ్ ఉందో తెలుసుకోవాలంటే గుండె అన్న స్పానిష్ మాట వచ్చేదాకా ఆగండి. ‘కొరాసోన్’ అని వినిపిస్తే లాటిన్ అమెరికా గొంతు, ‘కొరాథోన్’ అంటే మాద్రిద్ గొంతు.

పేర్ల కలగాపులగానికి మీ తప్పేమీ లేదు, పంపిణీదారులు ఒకే పేరును ఎన్ని సినిమాలకు తగిలించారో చూస్తే ఎవరికైనా తల తిరుగుతుంది. నటుణ్ణి బట్టి గుర్తుపట్టడం ఒక్కటే నమ్మకమైన దారి. కొయోటే పాత్రలో ఆబెల్ సలసార్ ఉంటే 1955, 1956 నాటి మార్చెంట్ సినిమాలు. ఫెర్నాందో కసనోవా ఉంటే 1963లో మారియో కయానో తీసిన ‘ఇల్ సెన్యో దెల్ కొయోటే’. హోసే కొరొనాదో ఉంటే 1998లో మారియో కామూస్ తీసినది. జొర్రోలలో, ‘జొర్రో ది అవెంజర్’ అన్న ఇంగ్లీషు పేరుతో ముసుగు కింద ఫ్రాంక్ లాటిమోర్ ఉంటే మార్చెంట్ తీసిన ‘లా వెంగాన్సా దెల్ జొర్రో’, 1962. అదే ఇంగ్లీషు పేరుతో గై విలియమ్స్ కనిపిస్తే అది డిస్నీ వాళ్లు టీవీ సీరియల్ భాగాలు అతికించి 1959లో విడుదల చేసింది, దీనికీ దానికీ సంబంధం లేదు. ఎర్రోల్ ఫ్లిన్ కొడుకు షాన్ ఫ్లిన్ ఉంటే 1963లో కయానో తీసినది. ఆలాఁ దెలోఁ ఉంటే 1975లో దుచ్చో తెస్సారి తీసిన సినిమా. మార్చెంట్‌లు కూడా ఒక్కరు కాదు. తమ్ముడు రఫాయెల్ రొమేరో మార్చెంట్ ముందు నటుడు, తరవాత దర్శకుడై తనూ జొర్రో తీశాడు. సమీక్షల్లో ‘మార్చెంట్’ అని మాత్రమే ఉంటే ఏ మార్చెంటో చూసుకోండి.

ఇప్పుడు ఆ చెక్క ఊరు. 1950ల సినిమాలకు ఉన్న అసియెందాలూ గుళ్లూ సరిపోయాయి. కానీ 1962 నాటికి మార్చెంట్ జొర్రో కథలకు సెలూను, షెరిఫ్ ఆఫీసు, బ్యాంకు ఉన్న అమెరికన్ వీధి కావాల్సి వచ్చింది. స్పెయిన్‌లో అలాంటిది లేదు. నిర్మాత ఎదువార్దో మన్సానోస్ కోసం హైమె పేరెస్ కుబేరో, హోసే లూయిస్ గలీసియా అనే ఇద్దరు కళా దర్శకులు మాద్రిద్ దగ్గరి ఓయో దె మన్సనారెస్‌లో ఆ వీధి కట్టారు. దానికి గోల్డెన్ సిటీ అన్న పేరు స్థిరపడింది. రెండేళ్లకు లియోనే వచ్చి దాన్నే సాన్ మిగేల్ అనే మెక్సికో సరిహద్దు ఊరుగా చేసుకున్నాడు. క్లింట్ ఈస్ట్‌వుడ్ కంచరగాడిద మీద వచ్చే ఆ వీధి జొర్రో వదిలి వెళ్లిన వీధి. ఆ వీధి ఇప్పుడు లేదు.

లియోనే తీసేసింది ముసుగొక్కటే కాదు, దాని వెనకున్న రెండో బతుకు మొత్తం. తండ్రి లేడు, ఇల్లు లేదు, పిరికివాడని ఈసడించుకునే ప్రేయసి లేదు. అంటే భోజనాల బల్ల సన్నివేశాలన్నీ పోయాయి. మిగిలింది వీధి. మన దగ్గర 1971లో కృష్ణ ‘మోసగాళ్ళకు మోసగాడు’కు వచ్చింది ఈ లియోనే దారే. రెండు బతుకుల ముసుగు వీరుడు మనకు వేరే దారిన వచ్చాడు, 1990లో చిరంజీవి ‘కొండవీటి దొంగ’ చూసినవాళ్లకు సేసర్ దె ఎచాగ్వే కొత్తవాడిలా అనిపించడు.

చివరగా, చూసే వరస కూడా చెప్తాను: ముందు ‘ఎల్ కొయోటే’, వెంటనే ‘లా హుస్తీసియా దెల్ కొయోటే’. రెండూ ఒకే కథాలోకం, మధ్యలో గ్యాప్ ఇస్తే పాత్రలు మర్చిపోతారు. తరవాత 1962 నాటి ఫ్రాంక్ లాటిమోర్ జొర్రో సినిమాలు, ‘లా వెంగాన్సా దెల్ జొర్రో’, ‘కబల్గాందో హాసియా లా మువెర్తె’. ఇవి రెండూ అయ్యాక లియోనే 1964 సినిమా పెట్టి వీధి దృశ్యాలు మాత్రం మళ్లీ చూడండి. ఆ తరవాత మార్చెంట్ ముసుగు వదిలేసి తీసిన ‘ఎల్ సబోర్ దె లా వెంగాన్సా’, ‘ఆంతెస్ యేగా లా మువెర్తె’ దొరికితే వదలకండి. దర్శకుడిగా ఆయన చేయి తిరిగింది వాటిలోనే. స్పానిష్ సబ్‌టైటిల్ ఫైలు విడిగా దొరికి మాటలకు క్రమంగా వెనకబడుతుంటే, అది 24 ఫ్రేముల కాపీకి రాసినది, మీది 25 ఫ్రేముల కాపీ. సబ్‌టైటిల్ వేగాన్ని 25/24, అంటే 1.042 చేస్తే కుదురుతుంది. మొదటి నుంచి చివరిదాకా ఒకే తేడా ఉంటే మాత్రం వేగం ముట్టుకోవద్దు, ఆలస్యాన్ని సెకన్లలో సర్దితే చాలు.